అమెరికా కేసు తేలేదాకా

మా ఆయనకు శుక్రవారం సెలవు, ఆ రోజే తీరిగ్గా ఫోన్ చేస్తాడు. పదకొండేళ్లుగా కువైట్‌లో ఏసీ పైపులు బిగిస్తున్నాడు. నేను కోరుట్లలో అద్దె ఇంట్లో జాకెట్లు కుట్టుకుంటూ ఉంటాను. వారమంతా మిషన్ చప్పుడు తప్ప ఇంట్లో మరో చప్పుడు ఉండదు. పిల్లలు లేరు. ఫోన్లో తిన్నావా, పడుకున్నావా తప్ప మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. అలాంటప్పుడు దొరికింది మాకు ఈ షేర్ల గొడవ.

రూములో వాళ్లను చూసి ఆయన కూడా ఒక అమెరికా కంపెనీ షేర్లు కొన్నాడు. అందరి ఫోన్లలో ఉండే కంపెనీయే. కొన్నాక తెలిసింది, దాని మీద అక్కడి ప్రభుత్వమే కేసు వేసిందని. బజారంతా గుప్పిట్లో పెట్టుకుని వేరేవాళ్లను ఎదగనివ్వడం లేదట, కోర్టు దాన్ని ముక్కలు చేయొచ్చట.

"కేసు తేలనీ. రేటు వెరుగుతది. అమ్మి ఇంటికస్త" అన్నాడు.

నాకు ఆ చివరి మాట ఒక్కటే వినబడింది. అప్పటి నుంచి మిషన్ తొక్కుతూ యూట్యూబులో ఆ కేసు గురించే వినేదాన్ని. ఇప్పుడే అమ్మెయ్యమని నా వాదన.

"మీ ఇల్లు ఏరువడి బాగువడ్డదా, గా కంపెనీ బాగువడెటందుకు?" అన్నాను ఒకసారి.

ఆయన అన్నదమ్ములు వేరుపడ్డ రోజు వాళ్ల ఊరు ఇబ్రహీంపట్నంలో పెద్దమనుషుల మధ్య చాప మీద నా ఫోన్ పెట్టి స్పీకర్ ఆన్ చేశారు. అడిగిన ప్రతిదానికీ ఈయన కువైట్ నుంచి "మీ ఇష్టం" అన్నాడు. నీళ్లెక్కని చెలక భూమి మాకొచ్చింది. అక్కడే కూర్చున్న నన్ను ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఆ కోపం నాకింకా ఉంది.

"కంపెనీ ఇల్లు కాదే. ముక్కలైతే ముక్కకో రేటు. మనకు అన్నిట్ల పాలుంటది."

"మీ అన్నదమ్ములు పసుపు చేన్ల గుడ పాలుంటదనే అన్నరు. ఏది?"

నవ్వేవాడు. ఆ నవ్వు కోసమే అడ్డం మాట్లాడేదాన్ని. గంటసేపు పోట్లాడుకునేవాళ్లం. ఫోన్ పెట్టేశాక ఇల్లు ఇంకా ఖాళీ అయినట్టుండేది, ఏడుపొచ్చేది.

తీర్పు వచ్చింది. కంపెనీని ముక్కలు చేయలేదు. రేటు ఎగబాకింది. "నేను జెప్పలే?" అని ఫోన్లోనే ఎగిరినంత పని చేశాడు.

"మంచిగైంది. ఇగ అమ్ము. ఎప్పుడస్తున్నవ్?"

"ఆగు. అప్పీలుకు వోతరట. అది గుడ తేలనీ."

వాదనలో ఓడినందుకు నాకేం బాధ లేదు. కానీ మా ఆయన్ని అక్కడ ఆపింది అమెరికా జడ్జి కాదని ఆ నిమిషం అర్థమైంది. నేను మాత్రం ఏం చేశాను? ఇన్ని శుక్రవారాలు రేట్ల గురించి, కోర్టు గురించి వాదించానే గానీ, రమ్మని ఒక్కసారి నోరు తెరిచి అడగలేదు.

"కేసు ఎట్లన్న వోనీ. షేర్లు ఉంటె ఉండనీ. నువ్వు రా. ఒక్కదాన్నే ఉండుడు నాతోని అయితలేదు" అన్నాను.



"ఏమైందే?" అన్నాడు మెల్లగా. "పైసలేమన్న తక్కువైనయా?"