కోసేసిన జవాబుల పేజీలు

నా చిన్నప్పుడు పక్కింటి అక్క నాకు చదువుకోమని ఇచ్చిన క్వాంటమ్ ఫిజిక్స్ పుస్తకంలో, చివర ఉండాల్సిన జవాబుల పేజీలు లేవు. చిరిగిపోవడం కాదు. ఎవరో బ్లేడుతో నీటుగా కోసేశారు. ఆ ఎవరో అక్కేనని నాకు అనుమానమే లేదు.

నాన్నకు ఒంట్లో బాగోక నా చదువు పదో తరగతితోనే ఆగిపోయింది. పగలంతా పవర్‌హౌస్ బజార్లో ఒక సైకిల్ షాపులో పంక్చర్లు వేసేవాణ్ణి. సాయంత్రం, ఉక్కు ఫ్యాక్టరీ కూలీల బస్తీ క్యాంప్ 1లో మా గుమ్మం ముందు కూర్చుంటే, ఎమ్మెస్సీ చదివే అక్క వచ్చి లెక్కలు చెప్పేది. ఇంటిగ్రేషన్ దాకా తనే నేర్పింది. ఆ తర్వాత ఈ పుస్తకం చేతిలో పెట్టింది. ఇందులో ఒక్క లెక్కయినా సరిగ్గా చేశానని తెలిస్తే, నేనింకా చదువుకుంటున్నవాణ్ణేనని నన్ను నేను నమ్ముకునేవాణ్ణి. అది తెలిసే దారే లేకుండా చేసిందని ఒళ్లు మండిపోయేది. బడి మానేసినవాడికి జవాబులెందుకులే అనుకుందేమో!

పెట్టెలో బంధించిన కణం లెక్క దగ్గర చాలా రోజులు కొట్టుకున్నాను. చివరికి ఏదో ఒక జవాబు వచ్చింది. కరెక్టో కాదో చెప్పి తీరాలని పట్టుబట్టాను. అక్క కాగితం వంక చూసింది.

"పెట్టె గోడలు దూరం జరుపు. నీ లెక్క ప్రకారం కణం శక్తి ఏటవుతుంది?"

"పెరుగుతుందక్కా."

"ఓర్నీ! మన క్యాంపు ఇళ్లలో గోల ఎక్కువా, ఆఫీసర్లుండే సెక్టార్ బంగ్లాల్లో ఎక్కువా?"

మా ఇంట్లో రెండు గదుల్లో అంతమందిమీ కుక్కుకుని ఉండేవాళ్లం. నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. మళ్లీ మొదటినుంచి చేశాను. పెట్టె పొడవు భిన్నంలో పైన కాదు, కింద ఉండాలి. గోడలు దూరం జరిపి చూస్తే శక్తి తగ్గింది. యూనిట్లూ సరిపోయాయి. ఎవరూ చెప్పకుండానే అది సరైనదని నాకు తెలిసిపోయింది. అమ్మ అన్నానికి పిలిచినా లేవలేదు. ఆ గోడల్ని దగ్గరకీ దూరానికీ జరుపుతూ కూర్చున్నాను.

అక్క మాత్రం మెచ్చుకోలేదు. ఎప్పటిలాగే "ఉండు, చూసిస్తాను" అని కాగితాలు ఇంటికి పట్టుకుపోయింది. మర్నాడు ఒక్క టిక్కు పెట్టకుండా తిరిగిచ్చింది.

చేసిన పని సరిపోయిందా అని ఇంకొకరి ముఖం వంక చూడటం నాకు ఆ లెక్కతోనే పోయింది. తర్వాత సొంతంగా ఏ పుస్తకం చదివినా, ఏ చక్రం బిగించినా, ముందు నేనే గోడలు జరిపి చూసుకుంటాను. ఆ మేలు మరచిపోయేది కాదు. కోసేసిన పేజీల మీద కోపం మాత్రం ఇన్నేళ్లూ అలాగే ఉంది. మొన్న అక్క ఇంటికి వెళ్లి, టీ చల్లారుతున్నా పట్టించుకోకుండా అడిగేశాను, ఆ పేజీలు ఎక్కడ దాచావని.

"దాచడమేట్రా? నా చేతికొచ్చేసరికే ఆ పుస్తకం అలగ ఉంది. నీ కాగితాలు ఇంటికెందుకు పట్టుకుపోయేదాన్ననుకున్నావు? నా జవాబులు సరిపోయాయో లేదో చూసుకోడానికి!"