సిమెంటు పడవ మీద తడి గోనెలు

దెయ్యాల కథ ఎవరైనా మొదలుపెడితే నవ్వి లేచిపోయే మనిషిని నేను. నర్సు ఉద్యోగం. మార్చురీ పక్క గదిలో కూర్చుని ఇడ్లీ తిన్నదాన్ని. ఇప్పటికీ నమ్మనని చెప్పుకోవడమే నాకిష్టం. కానీ మా అన్నయ్య పడవ సంగతి మాత్రం కొరుకుడు పడలేదు.

తొంభైల చివరి రోజులు. మాదాపూర్‌లో అప్పుడప్పుడే అద్దాల మేడలు లేస్తున్నాయి. అన్నయ్య అక్కడ కాంక్రీటు పనుల మేస్త్రీ. మాది కాకినాడ వైపు, పడవలు కట్టే కుటుంబం. కలప ధర చుక్కలనంటాక నాన్నతోనే ఆ పని ఆగిపోయింది. అన్నయ్యకు ఆ బెంగ పోలేదు. కలప కొనలేని జాలర్ల కోసం సిమెంటు పడవ కడతానన్నాడు.

మీరూ నవ్వచ్చు, మేమూ నవ్వాం. ఇనుప చువ్వల్ని పడవలా వంచి, కోళ్ల జాలీ పొరలు చుట్టి, సందుల్లోకి దిగేలా సిమెంటు మెత్తాలట. అదీ పడవ బోర్లా ఉండగా, ఒక్క రోజులో, మధ్యలో ఆపకుండా. తెలిసినాయన ఖాళీ ప్లాటులో కడుతుంటే దారిన పోయేవాళ్లు నీళ్ల ట్యాంకనుకున్నారు. ఒక పెద్దాయనైతే ఎవరిదో సమాధి అనుకుని చెప్పులు విప్పి దణ్ణం పెట్టాడు. ఆ ముక్క చెప్పి చెప్పి నవ్వేవాడు అన్నయ్య.

అది మునిగిపోతుందని చుట్టాలంతా ఖాయం చేసేశారు. తేలుతుందని నమ్మింది వదిన ఒక్కతే.

సిమెంటు మెత్తాక గోనె సంచులు కప్పి, నెల రోజులు తడి ఆరకుండా చూడాలి. ముందే ఎండితే బీటలిస్తుంది. పొద్దునా సాయంత్రం డ్రమ్ములోంచి తోడి అన్నయ్యే పోసేవాడు, ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు. వారం తిరిగిందో లేదో, పని దగ్గరే గుండెపోటుతో పోయాడు.

ఊరికి తీసుకెళ్లి మట్టి చేసి, పది పన్నెండు రోజులకు తిరిగొచ్చాం. మే నెల. పడవ పెంకులా పగిలి ఉంటుందనుకుంటూనే వదినతో వెళ్లాను. గోనెలు తడిగా ఉన్నాయి. ఒక అంచు పట్టి పిండితే నీళ్లు కారాయి. డ్రమ్ము అడుగున చూస్తే ఎండిన మట్టి.

పక్క సైటు వాచ్‌మన్ యాదయ్యను అడిగాం.

"నేనెందుకు పోస్తనమ్మా? మాకే తాగనీకి నీళ్లు లేక పరేషాన్ అయితున్నం. రోజు పొద్దుగాల చూస్తే తడిగనే ఉంటున్నయ్. మీరే ఎవరినో పెట్టిండ్రనుకున్న," అన్నాడు.

పైపు ఏదైనా పగిలిందేమోనని వెతికాం. ఆ చుట్టుపక్కల పైపే లేదు. తర్వాత కూడా డ్యూటీకి పోతూ బస్సు దిగి చూసేదాన్ని. మిట్టమధ్యాహ్నం కూడా తడే. చెబితే నమ్మరు, నాకు భయం వేయలేదు. అన్నయ్య ఉన్నట్టే అనిపించి ఏడుపొచ్చింది.

భయపడింది వదిన వాళ్లన్న శామ్యూల్ గారు. ప్రార్థనాపరుడు, చెల్లెలంటే ప్రాణం. "పోయినవాళ్ల పేరుతో వచ్చేది మంచిది కాదమ్మా" అంటూ మనుషుల్ని పెట్టి గోనెలన్నీ లాగించి దూరంగా పారేయించారు.

"అన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను, ఇంకొక్క వారం ఆగు. ఆయన చెప్పిన నెల నిండనీ," అని వదిన బతిమాలింది. శామ్యూల్ గారు వినలేదు. ఆమెను బాచుపల్లిలో తన ఇంటికి తీసుకుపోయారు.

ఆ తర్వాత పడవ మీద తడి కనిపించలేదు.

ప్లాటు ఖాళీ చేయమన్నారు. ఊరికి పంపేముందు తేలుతుందో లేదో చూద్దామని క్రేన్‌తో పడవను తిరగేసి, దగ్గర్లోని దుర్గం చెరువులో దించాం. వదినను శామ్యూల్ గారే తీసుకొచ్చారు. తేలింది. అంత బరువు సిమెంటూ బాతులా తేలింది. వదిన నా చెయ్యి పట్టుకుని, "చూశావా రూతూ, తేలింది!" అంది. అన్నయ్య పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి.

కాసేపటికి పడవ లోపల చెమ్మ కనిపించింది. ఎండ పడిన వైపంతా వెంట్రుకల్లాంటి బీటలు. నీళ్లు ఊరుతూనే ఉన్నాయి. సాయంత్రానికి పడవ ఒక పక్కకు ఒరిగి, మెల్లగా మునిగిపోయింది.

శామ్యూల్ గారు తల దించుకున్నారు. వదిన ఆయన్ని తిట్టలేదు. నీళ్ల వంకే చూస్తూ, "ఆయన ప్రాణం పోయినా పని ఆపలేదన్నయ్యా. మనం ఆపించాం," అంది.

ఆ నీళ్లు ఎక్కడివో, ఎవరు పోశారో నేను చెప్పలేను. సైన్సు ప్రకారం ఎవరైనా విప్పి చెబితే కూర్చుని వింటాను. కానీ ఆ ఒక్క వారం ఆ గోనెల జోలికి పోకుండా ఉంటే, మా అన్నయ్య పడవ ఈపాటికి సముద్రం చూసి ఉండేది.