స్టీలు గుండిగ అంచు

అప్పట్లో ఉదయగిరిలో మగవాళ్ళ చొక్కా జేబులో పెన్ను లేకపోయినా అయస్కాంతం మాత్రం ఉండేది, పాడైన రేడియో స్పీకర్లోంచి ఊడబెరికింది. స్టీలు సామాన్లు అప్పుడప్పుడే ఇళ్ళల్లోకి వస్తున్నాయి. అయస్కాంతం అంటుకోకపోతే అసలు సరుకు, అంటుకుంటే డూప్లికేట్. అంతకు మించిన లోహశాస్త్రం మా ఊరికి అక్కర్లేదు.

మా ఆవిడ చర్చి స్త్రీల సమాజానికి సెక్రటరీ. చర్చిలో అందరూ కలిసి తినే ప్రేమవిందుకని చందాలేసుకుని పెద్ద గుండిగ తెమ్మంటే ఆత్మకూరు వెళ్ళింది. బస్సు టాపు మీద వేస్తే సొట్టలు పడతాయని, దారంతా ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది పిచ్చిది.

ఆదివారం ప్రార్థన అయిందో లేదో సంఘపెద్ద జేబులోంచి అయస్కాంతం తీశాడు. గుండిగ అంచుకు అది టక్కున అతుక్కుంది.

"ఏందమ్మా ఇది? అంగడాయన మోసం చేసినాడా, ఇంకేమన్నా జరిగిందా?"

చౌక సరుకు కొని మిగిలింది నొక్కేసిందని ఆయన భావం. మా ఆవిడ మొహం మాడిపోయింది.

నేను హైస్కూల్లో సైన్సు మాస్టర్ని, ఊరుకుంటానా! పైన ఇనప రజను అంటిందేమోనని అక్కడికక్కడే చింతపండుతో తోమించాను. గుండిగ కడుపు దగ్గర అయస్కాంతం నిలవలేదు, అంచు దగ్గర మాత్రం వదల్లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"చూసినారా, రేకు అసలుదే! ఇనుములో క్రోమియం, నికెలు కలిపినప్పుడు పరమాణువులు ఒక వరసలో కుదురుకుంటాయి. అప్పుడు అయస్కాంతానికి లొంగవు. అంచు మడిచేటప్పుడు ఆ వరస చెదిరింది. అందుకే అక్కడ మాత్రం అంటుకుంటా ఉండాది."

"సారు పెళ్ళాన్ని వెనకేసుకొస్తా ఉండాడు," అంది వెనకనించి ఓ పెద్దావిడ. నిజమే, మొగుడు చెప్పే సైన్సుకు విలువేముంది!

ఆ సాయంత్రం సంఘపెద్ద భార్య తన ఇంట్లో పళ్ళేలు పరీక్షించింది. ప్రతి అంచుకూ టక్కు! కబురు పాకి, ఇంటింటా గిన్నెలు బోర్లించారు. కిందటి నెలలో అడుగున మాత్రం అయస్కాంతం పెట్టి చూసి, గొప్పలు చెప్పుకుని కొన్నవన్నీ అంచుల దగ్గరే పట్టుబడ్డాయి.

మరునాడు పొద్దున్నే సంఘపెద్ద మా గడపలో నిలబడ్డాడు. "సారూ, ఆ అయస్కాంతమే డూప్లికేట్. పారేసినాను."

నాకు నవ్వాగలేదు. మా ఆవిడ నవ్వలేదు.

"అయస్కాంతాన్ని పారేసినారు సరే అయ్యా, నిన్న అందరి ముందర నన్నన్న మాటను యాడ పారేస్తారు?"

ఆయన కాఫీకి కూడా ఆగలేదు. ప్రేమవిందు రోజు ఆ గుండిగలో వండిన అన్నం ఊరంతా మెచ్చుకుంటూ తిన్నది. మా ఆవిడ ఇంట్లో సంగటి వండుకుంది.