ఊదనన్న మేస్త్రి

పాలిషు మేస్త్రి ఒంట్లోంచి స్పిరిటు వాసన ఏ సబ్బుకూ పోదు. లక్కను స్పిరిట్లో కరిగించి, గుడ్డ ఉండతో చెక్క మీద రుద్దడం ఆయన పని. తడి పాలిషు మీద దుమ్ము వాలకూడదు కాబట్టి తలుపులూ కిటికీలూ బిగించుకుని, ఫ్యానైనా వేసుకోకుండా పనిచేయాలి. సాయంత్రానికి చొక్కా, జుట్టు, ఆఖరికి క్యారేజీలో మిగిలిన తిండి కూడా అదే కంపు.

దానికి తోడు ఆయన ఒకప్పుడు తాగేవాడు. మామూలుగా కాదు, పీకలదాకా. భార్య బిడ్డను చంకనేసుకుని పుట్టింటికి వెళ్ళిపోయాక గానీ బుద్ధి రాలేదు. కాళ్ళావేళ్ళా పడితే తిరిగొచ్చింది, ఒక షరతు మీద. రోజూ గుమ్మంలో, చెప్పులు విడవకముందే, ఆమె ముఖం మీద ఊదాలి. పాలిషు వాసనకూ మందు వాసనకూ తేడా ఆమె ముక్కుకు ఇట్టే తెలుస్తుంది. "ఊఁ, రండి లోపలికి" అంటే గండం గడిచినట్టే. మొదట్లో మేస్త్రికి తల కొట్టేసినట్టుండేది. పోనుపోను అదే ముచ్చటైంది. కూతురు కూడా పరుగెత్తుకొచ్చి, "నాకూ ఊదు నాన్నా!" అని ముక్కు పట్టుకుని నవ్వేది. మళ్ళీ తాగారో, ఈసారి వెళ్తే ఇక తిరిగి రానని మాత్రం భార్య తెగేసి చెప్పింది. ఆమె అన్నదంటే అన్నట్టే.

ఇక ఆమె తమ్ముడున్నాడే, వాడు ఒక లాయరు దగ్గర గుమాస్తా. ఇంట్లో అందరూ వాణ్ణి లాపాయింటు అంటారు. లాయరుకు తెలిసినదాంట్లో పావు వంతు తెలుసు, గొంతు మాత్రం నాలుగింతలు. "పోలీసులు ఆపితే నోరు తెరవకు బావా! అది నీ హక్కు" అని జోరీగలా పోరేవాడు.

ఆ సాయంత్రం మేస్త్రి ఒక పెద్ద బీరువాకు చివరి పూత వేసి, తన చిన్న వ్యానులో ఇంటికి బయల్దేరాడు. వంతెన దిగగానే పోలీసులు ఆపారు. ఇన్‌స్పెక్టరు కిటికీలోకి వంగి, గబుక్కున వెనక్కి జరిగాడు.

"అబ్బో! ఎంత పట్టించావేంటి?"

మేస్త్రి నోరు తెరవలేదు.

"మాట్లాడకపోతే మానె. ఇందులో ఊదు," అని మిషను ముఖం ముందు పెట్టాడు.

మేస్త్రి ఆ మిషను వంక చూశాడు. పగలంతా పీల్చింది స్పిరిటే కదా! ఇంటావిడ ముక్కుకు తెలిసే తేడా ఈ మిషనుకేం తెలుస్తుంది? తాగాడని చూపించిందా, కొంప మునిగినట్టే. పైగా బావమరిది మాట ఒకటి చెవిలో మోగుతోంది. పళ్ళు బిగించి తల అడ్డంగా ఊపాడు.

"చూడు, నోరు మూసుకునే హక్కు మాటల వరకే. ఊదనన్నావంటే అదే ఇంకో కేసవుతుంది. ఆలోచించుకో," అన్నాడు ఇన్‌స్పెక్టరు. పాపం, మంచిగానే చెప్పాడు. మేస్త్రి వింటేగా! సీట్లో కొయ్యలా బిగుసుకు కూర్చున్నాడు. వ్యాను తాళాలు లాక్కుని, ఆయన్ను తీసుకెళ్ళి స్టేషనులో కూర్చోబెట్టారు.

తెల్లారాక లాయరు వచ్చి, సంగతంతా విని తల పట్టుకున్నాడు.

"నీ పనేంటో చెప్పి, నోరు పుక్కిలించుకుని కాసేపాగి ఊదుతాననాల్సింది. మిషను మీద నమ్మకం లేకపోతే రక్తం తీసి చూడమనాల్సింది. అడిగే హక్కు నీదేనయ్యా! అప్పటికప్పుడే తేలిపోయేది. ఇప్పుడు తీసి ఏం లాభం?"

లాపాయింటు ఆయన వెనక నిలబడి గోళ్ళు గిల్లుకుంటున్నాడు. "నేను మాట్లాడొద్దన్నాను గానీ, ఊదొద్దన్నానా బావా?" అన్నాడు. ఛీ, వీడి నోట్లో మన్నుపడ!

జామీను మీద మేస్త్రి ఇంటికొచ్చేసరికి గుమ్మంలో సంచి సర్ది ఉంది. భార్య కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"ఒట్టు. నేను చుక్క ముట్టలేదు," అన్నాడు.

"రోజూ నా ముఖం మీద ఊదేవారుగా. వాళ్ళ దగ్గరెందుకు ఊదలేదు?"

"భయమేసింది."

"తాగనివాళ్ళకి భయమేంటండీ?"

మేస్త్రి చెప్పులతోనే నిలబడి, అలవాటుకొద్దీ ఆమె ముఖం మీద ఊదాడు. ఆమె కళ్ళు మూసుకుని వాసన చూసింది. నమ్మాలని ఆమెకూ ఉంది, లేకపోతే అంతసేపు అలా నిలబడదు.

"ఇది ఇవాళ్టిదండీ. నాకు నిన్నటిది కావాలి," అని సంచి భుజానికి తగిలించుకుంది.

కూతురు లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి, ముక్కు పట్టుకుని తండ్రి ముందు నిలబడింది. "నాకూ ఊదు నాన్నా!" అంది. తల్లి దాని చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.