చర్చి పలకకు చింతపండు

మొన్న ఆదివారం మా రూతు పరువు ఎట్ల తీసిననో వింటే, మీరు నాకు చాయ్ గూడ పొయ్యరు!

రూతు నా ఇంటర్ దోస్తు. వాళ్ల చర్చి కౌకూర్ దిక్కు ఉంటది, తెల్లోళ్ల ఫౌజు కాలంల ఒక కెప్టెన్ కట్టించింది. లోపల గోడకు పెద్ద ఇత్తడి పలక. ఎవరు కట్టించిన్రు, పైకప్పు కూలితే ఎవరు మళ్ల లేపిన్రు, చరిత్రంత దాని మీదనే ఇంగ్లీషుల చెక్కి ఉన్నది. ఏటా చర్చి పండుగ నాడు ఒకరు పలక ముందల నిలబడి, చూసి చదివి తెలుగుల చెప్పుడు వాళ్ల రివాజు. ఈసారి పాస్టరు గారు రూతుకు చెప్పిన్రు. నలుగుర్ల నోరు తెరవని పిల్ల! వాళ్ల అవ్వ వాడకట్టంత చాటింపేసింది.

శనివారం పూలు కట్టనీకి నేను గూడ పోయిన.

"ఏందే, మీ దేవునింట్ల ఇత్తడి గిట్ల నల్లగుంటదా? మా ఇంట్ల చెంబు గిట్లుంటే మా అమ్మ దాంతోనే కొడ్తది," అని ఎక్కిరించిన.

"నీకెందుకే, పూలు కట్టు," అని నవ్వింది. చదివేది ఇంకోసారి చూసుకోవాలని జల్దీ ఇంటికి పోయింది.

ఇగ నేను ఊకుంటనా! చింతపండు, ఇటుక పొడి, కొబ్బరి పీచు తెచ్చి, పండుగకు పూజ సామాను తోమినట్టు ఆ పలకను మస్తు తోమిన. బంగారం లెక్క మెరిసింది! సర్‌ప్రైజ్ అని గుడ్డ కప్పి వచ్చిన.

అక్షరాలల్ల ఉన్న నలుపు చిలుము కాదు, కనవడాలని నింపిన లక్క అని నాకేం తెల్సు!

తెల్లారి రూతు గుడ్డ తీసింది. కిటికీల నుంచి ఎండ సక్కగ పలక మీద పడ్డది. ఆ మెరుపుకు అందరం కండ్లు మూసుకున్నం. అరిగిన గీతలు, ఒక్క అక్షరం కనవడ్తలేదు.

"కెప్టెన్..." అన్నది రూతు. వేలుతోని తడుముకుంట మళ్ల, "కెప్టెన్..."

"ఆ కెప్టెన్‌ను దాటవే బిడ్డా!" అన్నది ముందు బెంచిల కూసున్న అవ్వ.

అందరు నవ్విన్రు. రూతుకు భయానికి బట్టీ పట్టింది గూడ గుర్తుకు రాలే. పోయి అవ్వ కొంగుల మొకం పెట్టుకున్నది.

"నేనే తోమిన," అని లేచి చెప్పిన. పాస్టరు గారు తిట్టినా బాగుండు. "పైకప్పు కూలిన నాడు గూడ దీనికేం గాలేదమ్మా," అన్నరు.

గిప్పుడు రోజూ సాయంత్రం సన్న బ్రష్‌తోని గీతలల్ల నలుపు నింపుతున్న. రూతు టార్చి పట్టుకుంటది గని మాట్లాడదు. నిన్న ఒక ఆంటీ వచ్చి పలకను, నన్ను చూసి, "బిడ్డా, మా ఇంట్ల రెండు బిందెలున్నయి, తోముతవా?" అన్నది.

రూతు అప్పుడు నోరు తెరిచింది. నాతోని కాదు, ఆంటీతోని.

"ఇయ్యకున్రి ఆంటీ. బిందె మీద మీ పేరు కొట్టించి ఉంటే, అది గూడ పోతది."