ముందే చదివిన సాక్ష్యం

నాకు అక్షరాలు యాభై రెండో ఏట వచ్చాయి. నేరేడ్‌మెట్‌లో మా చర్చి వెనక గదిలో ఒక రిటైర్డ్ టీచరమ్మ చెయ్యి పట్టి దిద్దించింది. ఆ మరుసటి ఏడే నా కూతురికి ఐదో నెల.

రెజిమెంటల్ బజార్‌లో స్కానింగ్ చేసిన డాక్టరమ్మ తెర మా వైపు తిప్పింది. కళ్ళ దాకా ముఖం ఉంది. ఆ పైన ఏమీ లేదు.

"పుర్రె ఏర్పడలేదమ్మా. మెదడు కూడా లేనట్టే. పుట్టినా బతకదు. ఇప్పుడైతే తీసేయొచ్చు" అంది.

కూతురూ అల్లుడూ సోమవారం ఆసుపత్రిలో చేరాలనుకున్నారు.

మా సంఘంలో మేలు పొందినవాళ్ళు ఆదివారం నిలబడి సాక్ష్యం చెబుతారు. మేలు జరిగాక చెప్పాలి. నేను శనివారమే రాసి పెట్టుకున్నాను. ముందే చదివితే జరుగుతుందని కొంత నమ్మాను. అంతకంటే ముఖ్యం, చర్చిలో మా వరసలో కూర్చునే ఆడవాళ్ళలో కాయితం చూసి చదివినవాళ్ళు ఎవరూ లేరు. నేను చదవాలి.

"డాక్టర్లు కాదన్న బిడ్డ తలను ప్రభువు స్వస్థపరిచాడు" అని చదివాను. అందరూ ఆమేన్ అన్నారు. టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది. నా కూతురు తల ఎత్తలేదు.

ఇంటికొచ్చాక, "రేపు పోదాం అమ్మా" అంది.

"సంఘం ముందట చదివిన. రేపు పోతే నా మొహం యాడ పెట్టుకోవాలె?"

"కడుపు నాదమ్మా."

"నీకు విశ్వాసం లేకనే గిట్లయింది."

కూతురు మళ్ళీ అడగలేదు. సంఘపెద్ద కొడుకైన అల్లుడు సోమవారం ఆసుపత్రికి బదులు పనికి పోయాడు. చర్చి ఆడవాళ్ళు వంతులవారీగా వచ్చి, కడుపు మీద చెయ్యి వేసి ప్రార్థించారు. ఊలు టోపీలు అల్లి తెచ్చారు. మొత్తం ఏడు. ఒక్కోటీ నాకు చూపించి మరీ నా పెట్టెలో పెట్టేది నా కూతురు.

బిడ్డ డాక్టరమ్మ చెప్పినట్టే పుట్టింది. నర్సు తల మీద గుడ్డ కప్పి, "టోపీ తెచ్చారా?" అంది. ఇచ్చాను. ఆగడానికి పుర్రె లేక ముక్కు మీదికి జారింది. బిడ్డ గంటసేపు బతికింది.

మూడో రోజు కూతురు మంచం మీద లేచి కూర్చుంది.

"ఆ కాయితం ఉందా?"

బైబిల్లో ఉంది.

"చదువు."

"వద్దు బిడ్డా."

"సంఘానికి చదివినవు గదా. నాకు సుత చదువు."

వేలు పెట్టి చదివాను. స్వస్థపరిచాడు దగ్గర ఆగాను.

"అయిపోలె. ఇంకా ఉంది" అంది.

కింద రాసుకున్న నా పేరు దాకా చదివించింది.