మంచుబండికి మొదటి ట్రయల్

మంచు మీద నడవాల్సిన బండిని బహ్రెయిన్ ఇసుకలో మొట్టమొదట నడిపింది నేను. కఫీల్ కాదు, ఫోర్‌మన్ కాదు. ఈ మాట ఎవరి ముందైనా చెబుతాను, ఎవరికి కోపం వచ్చినా చెబుతాను. అంతవరకూ నేను మంచు చూసింది ఫ్రిజ్ పై అరలోనే.

రెండు వేల తొమ్మిది ప్రాంతంలో రిఫాలో ఒక గ్యారేజీలో పనిచేసేవాణ్ణి. ఎడారిలో తిప్పే మోటార్‌సైకిళ్ళు బాగుచేసేవాళ్ళం. గ్యారేజీ యజమాని, మా వీసాలు ఇచ్చిన కఫీల్‌కు బండ్ల పిచ్చి. ఫోర్‌మన్ గోదావరి జిల్లా మనిషి, పదిహేనేళ్ళుగా అక్కడే ఉన్నవాడు, శుక్రవారం ప్రార్థనకు తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్ళేవాడు. నేను జగిత్యాల దగ్గరివాణ్ణి. అక్కడ ఆరేళ్ళు షెడ్డులో పనిచేసి, ఇంజను విప్పి బిగించడం బాగా నేర్చుకుని వచ్చాను. అయినా నా వీసా మీద ‘హెల్పర్’ అని ఉంది. ఆ వీసా దొరికింది, అదే పట్టుకుని విమానం ఎక్కాను. తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ కాగితం మీది మాట అందరి నోళ్ళలోకీ ఎక్కింది. "హెల్పర్‌ని పిలువు", "హెల్పర్, సామాన్ దించు". నేను కార్బురేటర్ సరిచేస్తే, బండి తీసుకెళ్ళేవాడు ఫోర్‌మన్‌కు చేయి కలిపి వెళ్ళేవాడు. నాకు కావలసింది పెద్దదేమీ కాదు. ఒక్కసారి, అందరి ముందూ, నన్ను మెకానిక్ అనాలి.

ఇంకొకటి కూడా నా కడుపులో మండుతూ ఉండేది. జగిత్యాల షెడ్డులో నాకు పని నేర్పిన ఉస్తాద్‌ది ఒక కట్టడి: బండి బిగించినవాడే ముందు ఎక్కాలి. ఆయన బిగిస్తే ఆయన, నేను బిగిస్తే నేను. గిరాకీ ఎంత పెద్దమనిషైనా, ఆఖరికి పోలీసాయన అయినా, మేం ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా బల్ల మీద కూర్చోవాల్సిందే. బోల్టు వదులుగా ఉంటే పళ్ళు రాలాల్సింది బిగించినవాడికేనని ఆయన అనేవాడు. దాన్నే ట్రయల్ అనేవాళ్ళం. రిఫా గ్యారేజీలో ట్రయల్ ఫోర్‌మన్‌ది. హెల్పర్ బండిని తోయవచ్చు, తుడవవచ్చు, ఎక్కకూడదు.

ఒక ఆదివారం రెండు పొడవాటి పెట్టెలు దిగాయి. ఒకదాంట్లో ముందు కొస పైకి వంగిన ప్లాస్టిక్ పలక. రెండోదాంట్లో రబ్బరు పట్టా చుట్టిన అల్యూమినియం చట్రం, యుద్ధ ట్యాంకుకు ఉంటుందే, అలాంటిది. మోటార్‌సైకిల్ ముందు చక్రం తీసి పలక పెట్టాలి, వెనక చక్రం తీసి పట్టా పెట్టాలి. అప్పుడది మంచు మీద పరుగెత్తుతుందట. కఫీల్ కంప్యూటర్‌లో ఆ వీడియో చూశాడు. మంచు మీద పోయేది ఇసుక మీద పోదా అనుకుని తెప్పించాడు. శుక్రవారం సఖీర్ ఎడారిలో నడిపి చూపిస్తానని స్నేహితులందరికీ చెప్పేశాడు కూడా.

పెట్టెలో వచ్చిన బిగింపు పుస్తకాన్ని ఫోర్‌మన్ అటూ ఇటూ తిప్పి నా చేతిలో పెట్టాడు.

"తమ్ముడూ, ఇది నువ్వే బిగించు. నడిచిందనుకో, నిన్ను మెకానిక్‌గా రాయించమని సార్‌తో నేనే చెప్తాను."

నడవకపోతే ఏమంటారో నేను అడగలేదు. హెల్పర్ చెడగొట్టాడంటారు, ఇంకేమంటారు? ఆయన తెలివి నాకు అర్థం కాకపోలేదు. అయినా సరేనన్నాను.

పని మూడు రోజులు పట్టింది. పుస్తకం నిండా బొమ్మలే, ప్రతి బొమ్మలోనూ నేల తెల్లగా ఉంది. వెనక చక్రంతోపాటు దాన్ని పట్టుకునే ఇనుప చేతిని కూడా తీసేశాను. ఆ చోట చట్రం బిగించి, చైను బిగువు సరిచూశాను. పట్టాకు లోపలివైపు వరసగా ఇనుప క్లిప్పులున్నాయి. బండి కదిలితే అవి రెండు పొడుగాటి ప్లాస్టిక్ పట్టీల మీద రాసుకుంటూ తిరుగుతాయి. ముందు బ్రేకు లేదు. చక్రమే లేనప్పుడు బ్రేకు దేనికి?

బుధవారం సాయంత్రానికి బండి నిలబడింది. కొత్త బండి కదా, రూం వంటగదిలోంచి రెండు నిమ్మకాయలు జేబులో వేసుకొచ్చాను. మా దగ్గర నిమ్మకాయ తొక్కించకుండా సైకిలైనా గడప దాటదు. తీరా కూర్చుని చూస్తే, తొక్కడానికి చక్రాలేవీ? కాసేపు తల గోక్కుని, ఒకటి పలక ముందు, ఒకటి పట్టా కింద పెట్టాను. ఎక్కకూడదు కాబట్టి పక్కన నిలబడే ఇంజను స్టార్టు చేసి క్లచ్ మెల్లగా వదిలాను. పట్టా కింద నిమ్మకాయ పచ్చడైంది. పలక మాత్రం తన నిమ్మకాయను ఎక్కలేదు. గచ్చు మీద మూరెడు దూరం ముందుకు నెట్టుకుంటూ పోయింది.

ఫోర్‌మన్ తల పట్టుకున్నాడు. "చక్రాల్లేని బండికి నిమ్మకాయలేంటయ్యా! పిప్పి అంతా పట్టాకి చుట్టుకుంది చూడు. కడుగు, ముందు దాన్ని కడుగు."

బండిని స్టాండు మీదికి లేపి, పట్టా తిరుగుతుండగా గొట్టంతో నీళ్ళు కొట్టాను. అంతవరకూ ఆ పట్టా కీచుమని చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది. నీళ్ళు పడగానే నోరు మూసింది. గొట్టం పక్కకు తిప్పాను. నిమిషంలో మళ్ళీ అరుపు. ఇంజను ఆపి ప్లాస్టిక్ పట్టీ మీద వేలు పెడితే చుర్రుమంది. అప్పుడు తెలిసింది నాకు. ఈ బండికి మంచు దారి మాత్రమే కాదు, నూనె కూడా, చల్లటి నీళ్ళు కూడా. పొడి ఇసుకలో దాన్ని తడిపేవాడెవడు? పట్టీలు కరిగిపోతాయి. పలక నిమ్మకాయను నెట్టినట్టు ఇసుకను కుప్ప చేసుకుంటూ పోతుంది.

"అన్నా, ఇది పొడి ఇసుకల నడ్వది. దీనికి తడి గావాలె," అన్నాను.

"మంచూ పొడే, ఇసుకా పొడే. ఆయన బండి, ఆయన ఎడారి. మధ్యలో నీకేంటి నొప్పి?"

"బిగించింది నేనే గద. రేపు నిలవడితె నన్నే అంటరు. ముందుగాల నన్ను ట్రయల్ కొట్టనియ్యి."

"హెల్పర్ వీసా మీద ఉండి ట్రయలా? ఏదన్నా అయితే సార్‌కి నేనేం చెప్పుకోను? నోరు మూసుకుని వెళ్ళి పడుకో తమ్ముడూ."

ఆయన చెడ్డవాడు కాదు. ఆ పదిహేనేళ్ళూ ఎవరికీ ఎదురు చెప్పకుండా నెట్టుకొచ్చినవాడు, అందరూ అలాగే నెట్టుకురావాలనుకునేవాడు. నాకు ఆ విద్య రాదు. వేలు కాల్చుకుని తెలుసుకున్నది మింగేసుకుని కూర్చోవడం నావల్ల కాలేదు.

సామాన్ తెచ్చే పికప్ నేనే నడిపేవాణ్ణి, తాళం నా దగ్గరే ఉండేది. గురువారం తెల్లవారుతుండగా గ్యారేజీకి వెళ్ళి, వాలు బల్ల వేసి, మంచుబండిని పికప్‌లోకి ఎక్కించాను. నీళ్ళ డబ్బాలు నాలుగు పెట్టాను. మా రూం అరాద్‌లో. అక్కడ సముద్రం వెనక్కి పోయినప్పుడు ఒడ్డు వెంబడి తడి ఇసుక గట్టిగా, చాలా దూరం బయటపడుతుంది. రోజూ డ్యూటీకి పోతూ చూసేవాణ్ణి. నీళ్ళు ఇవాళ వెనక్కి పోయిన వేళ కంటే రేపు కొంచెం ఆలస్యంగా పోతాయని కూడా లెక్క కట్టుకున్నాను.

అడగకుండా తీసుకెళ్ళడం తప్పేనా? తప్పే. మళ్ళీ అవకాశం వస్తే మళ్ళీ చేస్తాను.

నా అనుమానం నిజమో కాదో తెలియాలి కదా, ముందు రోడ్డు పక్కన పొడి ఇసుకలో ఎక్కాను. పలక మూతి దించేసింది. హ్యాండిల్ ఎడమకు తిప్పితే బండి నేరుగానే పోతోంది, పలక ముందు ఇసుక గంపెడు పోగయింది. ముప్ఫై గజాలు పోయేసరికి కాలిన వాసన. దిగి చూస్తే పట్టీ అంచు మెత్తబడింది. చాలు, సాక్ష్యం దొరికింది. డబ్బా నీళ్ళు పోసి చల్లార్చి, తడి ఇసుకలోకి దింపాను.

అక్కడ అది వేరే బండి. కీచుమనే అరుపు లేదు. గేరు వేసి యాక్సిలేటర్ ఇస్తే, వెనక ఎవరో రెండు చేతులూ వీపున పెట్టి తోసినట్టు కదిలింది. చక్రం దొర్లే బండికి అలవాటుపడిన ఒంటికి ఇది కొత్త. గతుకులు ఒక్కొక్కటిగా తగలవు, అన్నీ కలిసి ఒక ఊపుగా వస్తాయి. యాక్సిలేటర్ వదిలానో లేదో మొండి బర్రెలా ఉన్నచోటే ఆగిపోయింది, హ్యాండిల్ నా పొట్టలో గుచ్చుకుంది. కుడిచేతి వేళ్ళు లేని బ్రేకును ఊరికే వెతుక్కుంటున్నాయి. మలుపు దగ్గర హ్యాండిల్ ఒక్కటీ తిప్పితే వినదు, ఒళ్ళంతా వాల్చాలి. వాల్చినా ఒక క్షణం ఆలోచిస్తుంది, తర్వాత పలక కింది అంచు ఇసుకను కరుచుకుని ఒక్క గుంజు గుంజుతుంది. మొదటి మలుపులో చీలమండ లోతు నీళ్ళలో పడ్డాను. మూడో మలుపులో దాని మనసు తెలిసింది. పైన విమానం దిగుతోంది. మూడో గేరులో, తడిసిన ప్యాంటుతో, నోరు తెరిచి నవ్వుతూ పోయాను. అంత సంతోషం బహ్రెయిన్ వచ్చాక అదే మొదలు.

ఉప్పు పోయేలా డబ్బా నీళ్ళతో కడిగి గ్యారేజీకి తెచ్చేసరికి, ఫోర్‌మన్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. పక్కనే కఫీల్. బండి మాయమైందని ఫోన్ చేసి పిలిపించాడట.

"ఎవరు నడిపారు?" అని కఫీల్ హిందీలో అడిగాడు.

"నేనే."

"ఎవరు నడపమన్నారు?"

"బిగించిన చేతులు," అన్నాను. "పడితే నేను పడాలి, మీరు కాదు. సముద్రం ఒడ్డున తడిలో నడుస్తుంది. సఖీర్‌లో పొడి ఇసుకలో ఖలాస్."

కఫీల్ ఫోర్‌మన్ వైపు చూశాడు. ఫోర్‌మన్ నేల వైపు చూశాడు. "సార్, వాడు హెల్పర్, వాడికేం తెలుసు," అన్నాడు. కాలిన పట్టీ మీద పడ్డ వేలికంటే ఆ మాట ఎక్కువ మండింది. తప్పయిందని చెప్పమని ఫోర్‌మన్ నాకు సైగ చేశాడు. చెప్పలేదు. బండ్లు కడిగే చోటికి పొమ్మని కఫీల్ చెయ్యి చూపించాడు. పోయాను. తలమాత్రం వంచలేదు.

శుక్రవారం ఫోర్‌మన్ ప్రార్థన మానుకుని బండిని సఖీర్ తీసుకెళ్ళాడు. నన్ను పిలవలేదు. శనివారం పొద్దున పికప్‌లో అది తిరిగి వచ్చింది. పట్టీలు కరిగి చట్రానికి అంటుకుపోయాయి, పట్టా కదలడం లేదు. స్నేహితులంతా చూస్తుండగా కఫీల్ దిగి నడిచి రావాల్సి వచ్చిందట. ఆ మాట ఫోర్‌మన్ నా ముఖం చూడకుండా చెప్పాడు. పెట్టెలో ఇంకో జత పట్టీలున్నాయి. వాటిని నా ముందు పెట్టాడు.

"బిగిస్తావా?"

"బిగిస్త. గని ట్రయల్ నాదే. అరాద్ల. రేపు పొద్దుగాల ఎనిమిదింటికి నీళ్ళు ఎన్కకు పోతయి. సార్‌ను ఆడికే రమ్మను."

"నువ్వు నాకు చెప్తున్నావా?"

"అవునన్నా, జెప్తున్న. లేకపోతె నువ్వే బిగించుకో."

ఆయన పట్టీలు అక్కడే వదిలి వెళ్ళిపోయాడు. దాన్నే నేను సరే అనుకున్నాను.

ఆదివారం ఎనిమిది గంటలకు అరాద్ ఒడ్డున కఫీల్ కారు ఆగింది. ఇద్దరు స్నేహితులు కూడా దిగారు, నవ్వడానికే వచ్చినట్టున్నారు. నేనూ ఫోర్‌మనూ పికప్‌లో ముందే తెచ్చిన బండి తడి ఇసుక మీద సిద్ధంగా ఉంది. నేను దాని పక్కనే నిలబడ్డాను, హ్యాండిల్ మీద చెయ్యి తీయలేదు. కఫీల్ నేరుగా వచ్చి, "యల్లా, పదండి," అని సీటు వైపు కాలెత్తబోయాడు. నేను కదల్లేదు. ఈసారి నన్ను ఇంటికి పంపించేస్తారనే అనుకున్నాను. పంపితే పంపనీ.

అప్పుడు ఫోర్‌మన్ నా వెనకనుంచి గొంతు సవరించుకున్నాడు. పదిహేనేళ్ళలో కఫీల్‌కు ఆయన అడ్డం చెప్పడం అదే మొదటిసారేమో.

"సార్, ఒక్క నిమిషం. ముందు మెకానిక్ నడుపుతాడు. తర్వాత మీరు."

కఫీల్ ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ స్నేహితులు కూడా వేశారు.

నా కార్డు మీద ఆఖరి రోజు వరకూ హెల్పర్ అనే ఉంది, అది వేరే సంగతి. ఆ పొద్దున మాత్రం బండి ఎక్కి, ప్యాంటు సర్దుకుని, నీళ్ళ అంచు వెంబడి బయలుదేరాను. ట్రయల్‌కు ఒక చుట్టు చాలు. వాళ్ళు నిలబడి చూస్తుండగా నేను రెండు కొట్టాను.